కూత తెగలేదు

హైదరాబాదు,
12 జనవరి 1985.

చెల్లాయి హన్నమ్మకు, అన్నయ్య జక్కయ్య రాసేది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో నువ్వు రాయలేదు. పోయిన ఉత్తరంలో రెండు పేజీలూ నీ కబడ్డీ గురించే. మిషన్ హాస్టల్లో వంటపని మానెయ్యమంటే అమ్మ నా మాట వినదు. కనీసం నీళ్ళ బిందెలు ఎత్తవద్దని నువ్వయినా చెప్పు.

ఇక అసలు సంగతి. టీవీ వాళ్ళు నన్ను పిలిచారు. ఆటలు జరుగుతుంటే తెలుగులో చెప్పడానికి మనుషులు కావాలట. మా పత్రిక నుంచి ఇద్దరం వెళ్ళాం. ఒక గదిలో కూర్చోబెట్టి, ఎప్పటిదో వాలీబాల్ ఆట తెర మీద వేసి "మాట్లాడండి" అన్నారు. నాతో వచ్చినతను పెద్ద చదువులు చదివినవాడు. రెండు నిమిషాలకే మాటలు అయిపోయి మంచినీళ్ళు అడిగాడు. నేను పది నిమిషాలూ ఆపలేదు. నరసరావుపేటలో విలేఖరిగా ఉన్నప్పుడు పోస్టాఫీసులో ట్రంకాల్ కోసం గంటలకొద్దీ కాపలా కాసి, దొరికిన మూడు నిమిషాల్లో ఆట మొత్తం ఆఫీసుకు అప్పజెప్పేవాణ్ణి కదా, ఆ అలవాటు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

తెలుగునాడు మహిళా కబడ్డీ సంఘం కార్యదర్శి నరసింహారావు గారు కూడా ఆ గదిలో ఉన్నారు. ఎవరిని తీసుకోవాలో టీవీ వాళ్ళు ఆయన్నే అడుగుతారట. "మీదే ఊరు?" అన్నారు. పల్నాడండీ, గురజాల అన్నాను. "గొంతులోనే తెలుస్తోందిలే. ఆ రాళ్ళు కాస్త అరగదీసుకో" అన్నారు. నవ్వాను. ఆయనా నవ్వారు. నన్ను తీసుకున్నారు.

ఒక్కటే ఇబ్బంది. జక్కయ్య అన్న పేరు తెర మీద బాగుండదట. జయకర్ అని వేస్తారు. జక్కయ్య అన్నది తాత పేరని అమ్మకు పట్టింపు. ఇప్పుడే చెప్పకు.

మీ అన్నయ్య,
జక్కయ్య.


గురజాల,
21 జనవరి 1985.

అన్నయ్యకు వందనాలు.

అమ్మకు చెప్పేశాను. నా నోట్లో మాట దాగదని తెలిసి కూడా రాశావు, తప్పు నీదే. "మీ తాత పేరు మొయ్యటం చేతగాక దించుకున్నాడా?" అంది. కాసేపటికి మళ్ళీ తనే, "టీవీలో ఎప్పుడు కనపడతాడంట?" అని అడిగింది. కనపడడమ్మా, మాటే వినపడుతుంది అన్నాను. "మొహమే చూపియ్యనప్పుడు పేరెందుకు మార్చటం?" అంది. జవాబు నువ్వే చెప్పాలి. నీకు తోస్తే రాయి.

మన వీధి చివర అలీ సాహెబ్ రేడియోలు బాగుచేసే కొట్టు ఉంది కదా, ఆయన టీవీ కొన్నాడు. కొట్టు మీద రెండు తాటిచెట్లంత యాంటెనా గొట్టం నిలబెట్టాడు. గాలి తోలితే బొమ్మ పోతుంది, మాట మాత్రం నిలుస్తుంది. "మీ అన్న మాట్టాడే రోజు బెంచీలేపిస్తానమ్మాయ్" అన్నాడు. ఆయన కూతురు మున్నీ అప్పుడే ఊరంతా చెప్పేసింది.

ఇక నా ఆట. నువ్వు విసుక్కున్నా రాస్తాను. గురవయ్య మాస్టారు తెల్లవారుతూనే మా చేత కోర్టులో రాళ్ళు ఏరిస్తున్నారు. రోజూ ఏరతాం, రోజూ లేస్తాయి. మొన్న గడియారం పట్టుకుని నా దమ్ము చూశారు. ఒక్క ఊపిరి మీద యాభై రెండు సెకన్లు కూత పెట్టాను. "పాయింటు తెచ్చేది చెయ్యి గాదే, గొంతు. చెయ్యి పట్టుకుంటారు, కాలు పట్టుకుంటారు, గొంతెవడు పట్టుకుంటాడు?" అన్నారు.

కోస్తా జట్టు ఎంపికలు ఎండాకాలం తరవాత ఉంటాయట. గెలిచిన జట్టులో ఇద్దరికి ఒక ప్రభుత్వ సంస్థ ఆటల కోటాలో ఉద్యోగం ఇస్తుందని మాస్టారు చెప్పారు. అది నాకు వస్తే అమ్మ చేత గరిటె దించిస్తాను. నువ్వు చెప్తే వినదు గానీ నేను జీతం తెస్తే వింటుంది.

హన్నమ్మ.


హైదరాబాదు,
8 అక్టోబరు 1985.

చెల్లాయికి,

నువ్వు కోస్తా జట్టుకు ఎంపికయిన వార్త నేనే మా ఆటల పేజీలో వేశాను. పేర్లన్నీ ఒకే సైజులో ఉంటాయి కనుక నీ పేరు పెద్దదిగా వేయలేకపోయాను. ప్రూఫులో రెండుసార్లు చదువుకున్నాను.

నేనిప్పటికి అయిదు ఆటలు చెప్పాను. మొదటిసారి చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇప్పుడు అలవాటయింది. పత్రికకు రాసేటప్పుడు కొట్టివేసి మళ్ళీ రాయవచ్చు. ఇక్కడ అన్న మాట అన్నదే. వెనక్కి తీసుకోవడానికి ఉండదు. అందుకే నరసింహారావు గారు నిపుణుడిగా నా పక్కనే కూర్చుంటారు. నేను తడబడితే చిన్నగా అందిస్తారు, నేను పైకి అంటాను. కొత్త సంవత్సరంలో ఢిల్లీలో పెద్ద పోటీలున్నాయి. తెలుగు వ్యాఖ్యాతగా ఎవరిని పంపాలన్నది ఆయన చేతిలోనే ఉంది.

ఉద్యోగాలు తేల్చే ఆట నవంబరు 24 ఆదివారం, ఇక్కడే. మీకు ఎదురు రాజధాని జట్టు. వాళ్ళ కెప్టెన్ నరసింహారావు గారి అన్న కూతురు. బాగా ఆడుతుంది, కాళ్ళు పట్టడంలో దిట్ట, జాగ్రత్త. ఆ ఆట టీవీలో చెప్పేది నేనే. ఒక మాట. మనిద్దరం అన్నాచెల్లెళ్ళమని అక్కడ ఎవరికీ చెప్పకు. నేను నీ వైపు మాట్లాడానంటారు. నీకూ మంచిది కాదు, నాకూ కాదు.

జక్కయ్య.


గురజాల,
19 అక్టోబరు 1985.
(కార్డు)

అన్నయ్యకు,

చెప్పనులే. నువ్వు పైన కూర్చుని నన్ను చూస్తున్నావని నాకు తెలుస్తుంది. అంతే చాలు. అమ్మ కారప్పొడి కట్టి ఇచ్చింది, ఆట అయ్యాక ఇస్తాను.

హన్నమ్మ.


గురజాల,
27 నవంబరు 1985.

అన్నయ్యా,

కారప్పొడి నా సంచిలోనే ఉండిపోయింది. ఆట అయ్యాక నీ కోసం స్టేడియం గేటు దగ్గర గంట సేపు నిలబడ్డాను. నువ్వు వేరే దారిన వెళ్ళి ఉంటావు. సాగర్ బస్సెక్కి మాచర్ల వచ్చి, అక్కణ్ణుంచి ఇల్లు చేరాం. మాస్టారు నన్ను గుమ్మం దాకా దించి వెళ్ళారు.

నువ్వు చూశావు, అయినా రాస్తున్నాను, రాయకపోతే నిద్ర పట్టేట్టు లేదు. ఒక పాయింటు వెనకబడి ఉన్నాం. ఆఖరి కూత నాది. ఇద్దరిని ముట్టాను. తిరిగేటప్పుడు వాళ్ళ కెప్టెన్ చీలమండ పట్టింది, బోర్లా పడ్డాను. నా మీద ముగ్గురు. ఈడ్చుకుంటూ పోయాను, అన్నయ్యా. మట్టి నోట్లోకి పోతున్నా కూత ఆపలేదు. వేళ్ళు గీతకు తగిలాయి. అప్పుడు ఈల వేసి, కూత తెగిందన్నాడు అంపైరు. ఆయన నాకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. "నా నోటికాడ చెవి బెట్టావా?" అని అడిగాను. పక్కకు నెట్టాడు. ఆయన మెడలో ఈల తాడు పట్టి లాగేశాను. అది తప్పే. ఒప్పుకుంటాను. కూత తెగిందంటే మాత్రం ఒప్పుకోను.

సంఘం వాళ్ళు విచారణ పెడతారట. నువ్వు పై నుంచి చూశావు కదా. ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి ఇవ్వు. చెల్లెలినని రాయవద్దు. ఆట చెప్పినవాడివి, ఆ మాట చాలు.

28 నవంబరు.

ఉత్తరం పోస్టు చేయకముందే మున్నీ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. నిన్నటి నుంచి అలీ సాహెబ్ నన్ను చూసి తల ఎందుకు తిప్పుకుంటున్నాడో అప్పుడు తెలిసింది. ఆదివారం ఆయన కొట్టు ముందు అరవై మంది కూర్చుని చూశారట. అమ్మ ముందు బెంచీ మీద కూర్చుందట.

"కూత తెగిందని ముందు మీ అన్నే చెప్పాడక్కా" అంది మున్నీ. "ఈల తర్వాతే ఏశారు."

నేను నమ్మలేదు. అమ్మను అడిగాను. అమ్మ బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "నాకు ఆటలు తెలవ్వు" అంది.

ఇది నిజం కాదని రాయి.

హన్నమ్మ.


హైదరాబాదు,
6 డిసెంబరు 1985.

ప్రియమైన హన్నమ్మకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు ఆవేశంలో ఉన్నావు. నీ బాధ నాకు అర్థమవుతుంది.

వ్యాఖ్యాత పని తీర్పు చెప్పడం కాదు. తీర్పు అంపైరుది. నేను చెప్పడమూ ఈల మోగడమూ ఒకేసారి జరిగాయి. అలీ సాహెబ్ కొట్టులో గొట్టం ఊగినప్పుడల్లా మాట ముందూ వెనకా అవుతుందేమో నాకు తెలియదు. అరవై మంది గోలలో ఎవరికి ఏం వినపడిందో ఎవరు చెప్పగలరు?

ఈల తాడు లాగడం మాత్రం చాలా పెద్ద తప్పు. టీవీలో అందరూ చూశారు. నా సలహా విను. క్షమాపణ కోరుతూ నాలుగు వాక్యాలు రాసి పంపు. నరసింహారావు గారు పెద్ద మనసున్న మనిషి. కూత సంగతి ఎత్తకుండా ఉంటే వ్యవహారం తేలిగ్గా పోతుంది.

అమ్మకు మోకాళ్ళ మందు పంపిస్తున్నాను.

నీ అన్న,
జక్కయ్య.


గురజాల,
15 డిసెంబరు 1985.

అన్నయ్యకు,

మందు అందింది. అమ్మ రాసుకోవడం లేదు.

విచారణ నోటీసు వచ్చింది. అందులో ఉన్న మాటలు ఉన్నట్టే ఎత్తి రాస్తున్నాను: "ఈల మోగకముందే కూత తెగిన విషయాన్ని ప్రత్యక్ష ప్రసార వ్యాఖ్యాత శ్రీ జయకర్ స్పష్టంగా గుర్తించి ఉన్నారు. అంపైరు నిర్ణయం సరైనదని చెప్పుటకు ఇదియే సాక్ష్యము." ఒకేసారి అని నువ్వు నాకు రాశావు. ముందే అని వాళ్ళు రాశారు. నీ మాటే వాళ్ళకు సాక్ష్యం. వేరే సాక్ష్యం వాళ్ళ దగ్గర లేదు.

అలీ సాహెబ్ నిన్న మన ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "నలభై ఏళ్ళుగా రేడియోలు బాగుజేస్తన్నా. మాట ముందొచ్చిందా, ఈల ముందొచ్చిందా నాకు తెలవదా అమ్మా? నీకు చెప్పలేక చానా అవస్థ పడ్డా" అన్నాడు. అంత పెద్దమనిషి నా ముందు తలదించుకున్నాడు. ఆయన ఏం తప్పు చేశాడని?

క్షమాపణ రాశాను. ఈల తాడు లాగినందుకు రాశాను. కూత తెగలేదని కూడా అందులోనే రాశాను.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. సలహాలు వద్దు, మందులు వద్దు. నా కూత తెగడం నువ్వు విన్నావా? విన్నాను అను, లేదంటే వినలేదు అను. ఒక్క మాట.

హన్నమ్మ.


హైదరాబాదు,
4 జనవరి 1986.

హన్నమ్మకు,

నిలదీసి అడగడానికి నేను నీ ఎదుట బోనులో నిలబడిన ముద్దాయిని కాదు. నిన్ను చదివించినవాణ్ణి. నువ్వు ఆటలాడతానంటే అమ్మ వద్దన్నప్పుడు నీ వైపు మాట్లాడినవాణ్ణి. మాదిగపల్లె నుంచి వచ్చినవాడికి పత్రికలో ఒక కుర్చీ దొరకడం, టీవీలో ఒక మైకు దొరకడం ఎంత కష్టమో నీకు తెలియదు. నాలుగేళ్ళు పేరు లేకుండా వార్తలు రాశాను. ఎవడో ఒకడు చెయ్యి పట్టి పైకి లాగితేనే ఈ మెట్టు ఎక్కాను. ఆ చేతిని కొరకమంటావా?

విచారణలో నన్ను కూడా వాంగ్మూలం అడిగారు. ఇచ్చాను. నీకు వ్యతిరేకంగా అందులో ఏమీ రాయలేదు. అంపైరు నిర్ణయంతో నాకు భేదాభిప్రాయం లేదన్న ఒక్క వాక్యం తప్ప.

ఎల్లుండి ఢిల్లీ వెళుతున్నాను.

జక్కయ్య.


గురజాల,
11 మార్చి 1986.

జక్కయ్య అన్నయ్యకు,

మూడేళ్ళు నిషేధం వేశారు. ఎక్కడా సంఘం ఆటల్లో కాలు పెట్టకూడదు. ఉద్యోగాలు రెండూ రాజధాని జట్టుకు పోయాయి. ఒకటి నరసింహారావు గారి అన్న కూతురికి. ఆ అమ్మాయిని నేను ఏమీ అనను. కాలు బాగా పట్టింది.

అమ్మ గరిటె దించలేదు. రెండో గరిటె నేను పట్టుకున్నాను. నూట ఇరవై మంది పిల్లలకు వండుతున్నాం. అమ్మ మోకాళ్ళు వంగడం లేదు కనుక బిందెలు నేనే ఎత్తుతున్నాను. నువ్వు కోరినది ఆ ఒక్కటి జరిగింది.

హన్నమ్మ.


హైదరాబాదు,
20 జూన్ 1987.

చెల్లాయికి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి ఏడాది దాటింది. నేను రాసిన నాలుగింటికీ జవాబు లేదు. అమ్మ తరఫున గురవయ్య మాస్టారు రెండు ముక్కలు రాస్తున్నారు గనుక మీరు బతికే ఉన్నారని తెలుస్తోంది.

ఇక్కడ నా పని బాగుంది. ఢిల్లీ, కలకత్తా, బొంబాయి తిరిగాను. మొన్న సిటీ బస్సులో టిక్కెట్టు అడిగితే కండక్టరు చెయ్యి ఆపి, "మీరు జయకర్ గారు కదూ" అన్నాడు. గొంతు పట్టి గుర్తుపట్టాడు. బస్సంతా తిరిగి చూశారు. దిగవలసిన చోట దిగకుండా మూడు స్టాపులు ముందుకు పోయాను. నీకు చెప్పాలనిపించింది. చెప్పడానికి ఇంకెవరున్నారని వెతికితే ఎవరూ తోచలేదు.

తెరలో బొమ్మ పోయినా పరవాలేదు, మాట నిలుస్తుందని ఒకసారి రాశావు. అలీ సాహెబ్ కొట్టులో ఇప్పుడు కూడా చూస్తున్నారా? నా గొంతు వస్తే అమ్మ వెళుతుందా?

జక్కయ్య.


గురజాల,
2 జూలై 1987.
(కార్డు)

అమ్మ వెళుతుంది. వెనక బెంచీ మీద కూర్చుంటుంది. నేను వెళ్ళను.

హన్నమ్మ.


హైదరాబాదు,
18 సెప్టెంబరు 1988.

హన్నమ్మా,

నన్ను టీవీ నుంచి తీసేశారు. జాబితాలో నా పేరు లేదు. నరసింహారావు గారి అల్లుడి స్నేహితుడు ఒకడు వచ్చాడు. కబడ్డీలో ఎంతమంది ఆడతారో కూడా తెలియనివాడు. ఆయన ఇంటికి వెళ్ళాను. వరండాలో రెండు గంటలు కూర్చోబెట్టి, "ఇంకా రాళ్ళు అరగలేదు జక్కయ్యా" అన్నారు. జక్కయ్య అన్నారు. మూడేళ్ళలో మొదటిసారి.

నువ్వు అడిగిన మాటకు జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

వినలేదు. వినపడదు. ఆ గదికి మందపాటి అద్దం ఉంటుంది. చెవుల మీద హెడ్‌ఫోన్లు ఉంటాయి. వాటిలో నా గొంతు, కంట్రోలు రూములో ఉన్నవాడి గొంతు తప్ప మరేమీ రావు. ఇన్నేళ్ళలో ఏ ఆటలోనూ ఒక్క కూత నా చెవిన పడలేదు. పెదవులు కదలడం చూసి చెప్పేవాణ్ణి. ఆ రోజు నువ్వు బోర్లా పడి ఉన్నావు. నీ మొహం నేలకు ఉంది. పెదవులు కూడా కనపడలేదు. నరసింహారావు గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, నా హెడ్‌ఫోను పక్కకు జరిపి, "తెగింది, చెప్పు" అన్నారు. చెప్పాను. అప్పటికి నీ వేళ్ళు గీత మీద ఉన్నాయి. అవి నాకు కనపడ్డాయి. అంపైరు మా గది వైపు తలెత్తి చూశాడు. నరసింహారావు గారు లేచి నిలబడ్డారు. అప్పుడు అంపైరు ఈల నోట్లో పెట్టుకోవడం చూశాను.

నాకు ఆలోచించే వ్యవధి లేదని, ఉంటే చెప్పేవాణ్ణి కానని ఇన్నాళ్ళూ నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఢిల్లీ కాగితం ఆయన జేబులో ఉంది. వ్యవధి ఉన్నా చెప్పేవాణ్ణే.

సంఘానికి ఇదంతా రాసి పంపుతాను. నీ మీద మచ్చ తుడిచేస్తాను. నన్ను క్షమించు.

జక్కయ్య.


గురజాల,
2 అక్టోబరు 1988.

అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. తరవాత అమ్మకు చదివి వినిపించాను. మొత్తం వినిపించాను, ఒక్క ముక్క దాచలేదు. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది.

"వాడికి వినపడనే లేదంటనా?" అంది.

అవునమ్మా అన్నాను.

"మరి వినపడనోడు నోరెందుకు తెరిచాడే?" అంది.

ఎందుకో నువ్వు రాశావు కదా, ఢిల్లీ కాగితం అని, అదే మళ్ళీ చదివాను. రెండోసారి వింటుందో లేదో తెలియలేదు. కాయలు పళ్ళెంలో వదిలేసి లోపలికి పోయింది. ఆ పూట వంట నేనొక్కదాన్నే చేశాను.

నువ్వు నిజం చెప్పావు. సంతోషమే. అయితే ఎప్పుడు చెప్పావో కూడా చూడు. ఆయన నిన్ను వరండాలో కూర్చోబెట్టిన తరవాత చెప్పావు. గదిలోకి పిలిచి కాఫీ ఇచ్చి ఉంటే ఈ ఉత్తరం నాకు వచ్చేదా? నేను ఇది తిట్టాలని రాయడం లేదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నిషేధం తీరడానికి ఇంకా అయిదు నెలలుంది. నిన్న ఎవరూ లేనప్పుడు దమ్ము చూసుకున్నాను. ముప్పై ఒకటి వచ్చింది. పొయ్యి పొగ. ఇక నేను ఆడను, ఆడలేను. అందుకని నాకు ఏదో ఒరిగిపడుతుందని ఇది అడగడం లేదు.

సంఘానికి రాస్తానన్నావు. అక్కడ నరసింహారావే విప్పుతాడు, నరసింహారావే చించుతాడు. పైగా నిన్ను తీసేశారు గనుక పగతో రాశావంటారు. నీ చేతిలో ఒక పత్రిక ఉంది. ఆటల పేజీ నువ్వే చూస్తున్నావని మాస్టారు చెప్పారు. నాకు రాసిన మాటలే అందులో వెయ్యి. అద్దం సంగతి, మైకుకు చెయ్యి అడ్డం పెట్టిన సంగతి, గీత మీద నా వేళ్ళ సంగతి. నీ పేరు పెట్టి వెయ్యి. నువ్వు నా మీద అన్న మాట ఊరంతా విన్నది. తప్పన్న మాట నేనొక్కదాన్నే ఎందుకు చదువుకోవాలి?

వేస్తే, పేపరు పంపనక్కరలేదు. ఇక్కడ కొని చూస్తాను.

హన్నమ్మ.


హైదరాబాదు,
27 అక్టోబరు 1988.

చెల్లాయికి,

నువ్వు చెప్పినట్టే వ్యాసం రాశాను. నిజంగా రాశాను. నాలుగు కాగితాలు. సొరుగులో ఉన్నాయి.

ఇంతలో ఒక సంగతి జరిగింది. నరసింహారావు గారు సోమవారం మా ఆఫీసుకు వచ్చారు. మా పత్రిక పేరు మీద వచ్చే జనవరిలో పెద్ద టోర్నమెంటు పెడదామన్నారు. మా ఎడిటరు గారు చాలా ఉత్సాహంగా ఉన్నారు. దాని పనులన్నీ నాకే అప్పగించారు. వెళ్ళేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ కొత్తవాడు పనికిరాలేదయ్యా. నీ గొంతు నీదే. జనవరి ఆట నువ్వే చెప్పాలి" అన్నారు.

ఈ పరిస్థితిలో ఆ వ్యాసం ఎడిటరు గారి ముందు పెట్టలేను. పెట్టినా వేయరు. కొంచెం ఓపిక పట్టు. టోర్నమెంటు కానివ్వు. ఒక మంచి సమయం చూసి తప్పకుండా వేస్తాను. నిజం ఎక్కడికీ పోదు కదా.

సెప్టెంబరులో నేను నీకు రాసిన ఉత్తరం ఎవరికీ చూపించకు. అది ఏదో మనసు బాగాలేనప్పుడు రాసినది. వీలయితే చించెయ్యి.

అమ్మకు నా వందనాలు చెప్పు.

జక్కయ్య.


గురజాల,
9 నవంబరు 1988.

జక్కయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. అందులో అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను.

సెప్టెంబరు ఉత్తరం చించలేదు. గురవయ్య మాస్టారు చదివి, "వేరే పేపరోళ్ళకి పంపుదామా అమ్మాయ్?" అన్నారు. వద్దన్నాను. మీ మీద జాలి పడి కాదు. అది మీ నోటితో మీరు చెప్పవలసిన మాట. నేను పంపితే పగతో పంపానంటారు. ఆ ఉత్తరం అమ్మ తన బైబిల్లో పెట్టుకుంది. అమ్మకు చదవడం రాదు. ఎందుకు పెట్టుకుందో నేను అడగలేదు.

మొన్న శనివారం మాచవరంలో స్కూలు పిల్లల పోటీలు జరిగాయి. అవి సంఘం ఆటలు కావు గనుక మాస్టారు నన్ను అంపైరుగా నిలబెట్టారు. మా హాస్టలు జట్టు ఒక వైపు. వాళ్ళలో పదమూడేళ్ళ పిల్ల ఒకతె, ఆరోగ్యమ్మ, ఆఖరి కూతకు వెళ్ళి బోర్లా పడింది. మీద నలుగురు పడ్డారు. నేను కోర్టులో ఆ పిల్ల పక్కన బోర్లా పడుకున్నాను. చీర మట్టయింది. జనం నవ్వారు. దాని నోటికి జానెడు దూరంలో చెవి పెట్టి విన్నాను. చెయ్యి గీత మీదికి వచ్చింది, కానీ కూత అంతకు ముందే తెగింది. ఈల వేశాను. మా పిల్లలు ఓడిపోయారు. ఆరోగ్యమ్మ లేచి, ఏడుస్తూ నా దగ్గరకు వచ్చి, "తెగిందక్కా. నువ్వు విన్నావు" అంది. పోట్లాడలేదు. అందరం ఒకే బస్సులో ఇంటికి వచ్చాం, అది నా ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.

అమ్మకు మీ వందనాలు చెప్పాను. సరేనంది.

ఇక మీదట ఉత్తరాలు అమ్మ పేరు మీద రాయండి. చదివి వినిపించడానికి మున్నీ వస్తానంది.

హన్నమ్మ.